వర్ణమాల వచ్చు, చదవడం రాదు: ఆదోని మేడమ్‌కు సమాధానం

మేడమ్, మీ ఒకటో తరగతి పిల్లలు వర్ణమాల గడగడా అప్పజెప్తారు, ‘పలక’ అని రాస్తే మాత్రం నోరు మెదపరు అన్నారు. వాళ్లకు వచ్చింది వరస, అక్షరం కాదు. 56 అక్షరాలూ అయ్యేదాకా ఆగకండి. ప, ల, క, త, వ చాలు: తల, వల, కల, పలక. తర్వాత దీర్ఘం ఒక్కటే: పాప, తాత, పాక. గుణింతం మొత్తం ఒకేసారి వద్దు.

అసలు ముందు మాట రావాలి. ఇంట్లో కన్నడ, ఉర్దూ మాట్లాడే పిల్లల్ని ఆ భాషలోనే కథ చెప్పనివ్వండి. తెలుగులోనూ పిల్లలు మీ వైపు మాటగా ‘బుడ్డలు’ అంటే, ‘వేరుశనగ’ అనాలని దిద్దకండి (నాకూ ఆ జబ్బు ఉండేది).

ఇక కొత్త టీచర్లకు ఇదంతా ట్రైనింగ్‌లో వింటే సరిపోదు. స్కూల్ కాంప్లెక్స్ మీటింగ్‌లో (చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే సమావేశం) పది నిమిషాల పాఠం తోటివాళ్ల ముందు చెప్పించండి.