కాక్లియర్ ఇంప్లాంట్ వేయించి ఏడాదైంది, పాప వింటోంది. ఇంకా మ్యాపింగ్ ఎందుకు?

ఒడిశాలోని రాయగడ నుంచి విశాఖకి నాలుగేళ్ల పాపని తిప్పలేకపోతున్నాం, వింటోంది కదా, ఇక మ్యాపింగ్ (ఇంప్లాంట్ ఇచ్చే కరెంటు స్థాయిల్ని పాపకి తగ్గట్టు సరిచేయడం) ఆపేయొచ్చా అని ఒక పాప అమ్మానాన్నలు అడిగారు. ఆపొద్దండి. ఇన్నాళ్లూ తిరిగినంతగా మాత్రం తిరగక్కర్లేదు. ఆపరేషన్ అయ్యాక లోపలి చెవిలో పెట్టిన ఎలక్ట్రోడ్ల (వినికిడి నరానికి కరెంటు అందించే చిన్న కొనల) చుట్టూ కణజాలం పేరుకుంటుంది, అందుకే మొదటి నెలల్లో కరెంటు స్థాయిలు నిలవవు. ఏడాదికి చాలామంది పిల్లల్లో కుదురుకుంటాయి. ఆ తర్వాత ఆరు నెలలకోసారి, ఇంకా పెద్దయ్యాక ఏడాదికోసారి చాలు. మధ్యలో తేడా వస్తే మాత్రం ఆగకూడదు.

ఆ తేడా పట్టాల్సింది ఇంట్లోవాళ్లే. పొద్దున ప్రాసెసర్ (చెవికి పెట్టే బయటి యంత్రం) పెట్టగానే ఆరు శబ్దాలు పలకండి: ఆ, ఊ, ఈ, మ్, ష్, స్. ఇంప్లాంట్ ఉన్న వైపు, కాస్త వెనగ్గా, మీటరు దూరంలో కూర్చోండి. నోటికి చెయ్యి అడ్డం పెడితే శబ్దమే మారిపోతుంది. వినగానే పాప ఒక చింతపిక్క డబ్బాలో వెయ్యాలి. ఒకే లయలో పలికారా, పిల్లలు లయ పట్టేసి వినకుండానే పిక్క వేస్తారు. ఒకసారి మూడు సెకన్లు, ఒకసారి పది సెకన్లు ఊరుకోండి. పిక్క చెంప దగ్గర పట్టుకుని కాచుకోవడం వచ్చిందంటే సగం మ్యాపింగ్ ఇంట్లోనే అయినట్టు. వినపడే కనీస స్థాయిని ఆడియాలజిస్టు (మ్యాపింగ్ చేసే వినికిడి నిపుణులు) తేల్చేది ఈ ఆటతోనే.

'స్' ఒక్కటే పోతోందా? మ్యాప్‌ని (ఆ కరెంటు స్థాయిల సెట్టింగుని) తిట్టే ముందు మైక్ కవర్ మార్చండి. ఆగి ఆగి వినిపిస్తుంటే ముందు కాయిల్ (తలకి అయస్కాంతంతో అంటుకునే బిళ్ల) వైరు అనుమానించండి. వానాకాలంలో రాత్రి ప్రాసెసర్‌ని డ్రై బాక్స్‌లో (తేమ పీల్చే డబ్బాలో) పెట్టడం తప్పనిసరి, సిలికా జెల్ రంగు మారితే మార్చేయాలి. ఇవన్నీ మార్చినా పోతుంటే బయల్దేరండి.

వెళ్లి "సౌండ్ పెంచండి" అనొద్దు. పై స్థాయి (పెద్ద శబ్దానికి ఇచ్చే గరిష్ఠ కరెంటు) ఎక్కువైతే స్టీలు గిన్నె పడగానే కళ్లు గట్టిగా మూసుకుంటుంది, కాయిల్ పీకేస్తుంది. కంటి కిందో పెదవి మూలో అదిరితే ముఖ నరానికి కరెంటు తగులుతున్నట్టు. ఆ ఎలక్ట్రోడ్‌కి కరెంటు తగ్గిస్తారు, లేదా దాన్ని ఆపేస్తారు. ఏ శబ్దానికి అదిరిందో రాసుకెళ్లండి. ఆ పై స్థాయిని ఈ వయసు పిల్లలు నోటితో చెప్పలేరు, చెవి కండరం ముడుచుకోవడాన్ని కొలిచి అంచనా కడతారు. జలుబు చేసి మధ్యచెవిలో నీరుంటే ఆ పరీక్ష పనిచేయదు, ఫోన్ చేసి వాయిదా వేసుకోండి. రాత్రి ప్రయాణం చేయించి నిద్రమత్తులో కూర్చోబెట్టడమూ దండగే.

బళ్లో ఒడియా, ఇంట్లో తెలుగు అయితే పిల్ల తికమకపడుతుందనేవాళ్ల మాట వినకండి. మ్యాప్ బాగుంటే రెండూ నేర్చుకోగలదు.

చాలా ప్రాసెసర్లలో నాలుగు ప్రోగ్రాములు పెట్టుకోవచ్చు. కొత్త మ్యాప్ ఎక్కించాక పాతది ఒకదాంట్లో ఉంచమనండి. ఇంటికొచ్చాక పాప మొండికేస్తే పాతదానికి మార్చి, ఆడియాలజిస్టుకి ఫోన్ చేయండి.