కార్పొరేటర్‌గా నిలబడతానన్న మేనకోడలికి

బిడ్డా,

నిలబడతానని నువ్వు చెప్పిన కాడినుంచి మీ నాయిన ఖర్చుల లెక్కలేసి భయపడుతున్నడు, మీ అమ్మ నలుగురు ఏమంటరోనని భయపడుతున్నది. నాకైతే మస్తు సంబురమైంది. గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్ కౌన్సిల్‌ల ఒక టర్ము కూసున్నదాన్ని, అంతకు ముందు వేరేటోళ్ల గెలుపు కోసం గల్లీ గల్లీ తిరిగినదాన్ని. తెలిసింది రాస్తున్న, నిమ్మళంగ చదువు.

ముందుగాల డివిజన్ మ్యాపు సంపాదించు. 2020 ఎన్నికల్లో గ్రేటర్‌కు 150 డివిజన్లుండె. 2025 డిసెంబర్‌ల చుట్టుపక్కల 27 పట్టణాలను కలిపి 300 చేసిండ్రు. పాత లెక్కలు నమ్ముకుంటే మోసపోతవు. గల్లీకి ఈ పక్క ఇండ్లు ఒక డివిజన్‌ల, ఆ పక్క ఇండ్లు ఇంకో డివిజన్‌ల ఉండొచ్చు. అసెంబ్లీ ఓటర్ల లిస్టునే విడగొట్టి డివిజన్ లిస్టు తయారు చేస్తరు. ఆ విడగొట్టుడుల ఒకే ఇంట్ల మొగని ఓటు ఒకతాన, పెండ్లాం ఓటు ఇంకోతాన పడుతది. ముసాయిదా లిస్టు పెట్టిన రోజుల్లోనే ఇల్లిల్లు తిరిగి సరిచూసి దరఖాస్తులు ఇప్పించు. గడువు దాటినంక ఎంత మొత్తుకున్నా పేరు ఎక్కదు. నీకు నిజమైన ప్రచారం అదే అయితది. ఓటు అడగకుండ ఇంటికొచ్చి ఓటు కాపాడిన మనిషిని జనం యాదుంచుకుంటరు.

ఓట్ల లెక్క కూడా అర్థం చేసుకో. 2020ల దాదాపు 74 లక్షల ఓటర్లు, అంటే డివిజన్‌కు సగటున 50 వేల లోపు. బూతు దాకా వచ్చింది అందుల సగం కంటే తక్కువ. ముగ్గురు గట్టి అభ్యర్థులుంటే పదివేల చిల్లర ఓట్లు తెచ్చుకున్నోళ్లు గెలుస్తరు. బీఎన్ రెడ్డి నగర్‌ల 32 ఓట్ల తేడాతోటి ఫలితం తేలింది. ఒక చిన్న అపార్ట్‌మెంట్‌ల ఉండే ఓట్లు గవి. అపార్ట్‌మెంటోళ్లు ఓటెయ్యరని మనోళ్లు వాళ్లను వదిలేస్తరు. నువ్వు వదలకు. ఆదివారం పొద్దుగాల అసోసియేషన్ మీటింగ్‌కు పోయి, చెప్పుడు తక్కువ జేసి వినుడు ఎక్కువ చెయ్.

ఇగ అన్నిటికంటే ముఖ్యమైన మాట. ఏ పని ఎవరి చేతుల ఉన్నదో తెల్వకుండ ఒక్క హామీ కూడా ఇయ్యకు. నల్లా నీళ్లు, డ్రైనేజీ లైన్లు జలమండలి చూస్తది. కరెంటు, దాన్ని పంచే కంపెనీ డిస్కం చేతుల ఉంటది. పింఛన్లు, రేషన్ కార్డులు సర్కారు ఇస్తది. గల్లీ రోడ్లు, చెత్త, వీధి లైట్లు, పార్కులు, దోమల మందు, వాన నీళ్ల కాల్వలు కార్పొరేషన్ పనులు. మోరీ పొంగి వాకిట్లకు వచ్చినామెకు ఈ తేడాలు అక్కర్లేదు, ఆమె నిన్నే నిలదీస్తది. అందుకే కార్పొరేటర్ పనిల సగం నీ చేతుల లేని పనిని, చేతుల ఉన్నోళ్లతోటి చేయించుడే. జలమండలి మేనేజర్, కార్పొరేషన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్), శానిటేషన్ సూపర్‌వైజర్ ఎవరో, ఏ టైముకు దొరుకుతరో ఇప్పటినుంచే తెలుసుకో. తెల్లారుజామున ఊడ్చే అక్కలతోటి వారం రోజులు తిరుగు. ఏ మూల చెత్త పేరుకుంటది, ఏ నాలా మీద కట్టడాలు లేసినయి, ఏ బస్తీకి నీళ్లు అర్ధరాత్రి వస్తయి అన్నది వాళ్లు చెప్పినంత బాగ ఏ ఆఫీసు కాయితం చెప్పదు. 2020 అక్టోబర్ వరదలప్పుడు పదివేల సాయం కొందరికి అందింది, పక్కింటోళ్లకు అందలేదు. నెలన్నరకే ఓట్లు వచ్చినయి. అప్పుడు ఇంటింటికి పోయినోళ్లకు ఎదురైన మొదటి ప్రశ్న ఆ పైసల గురించే. దానికి పాంప్లెట్‌ల జవాబు దొరకదు.

టికెట్ కోసం ఆగి బస్తీ తిరుగుడు ఆపకు. పోయినసారి నవంబర్ 17న నోటిఫికేషన్ వస్తే, నామినేషన్లకు మూడు రోజులిచ్చి డిసెంబర్ 1న పోలింగ్ పెట్టిండ్రు. పార్టీ టికెట్ ఇచ్చినట్టు రాసిచ్చే బీ ఫారం చేతికొచ్చినంక కొత్తగ పరిచయం చేసుకునే టైముండదు. బీ ఫారం ఇప్పిస్తమని పైసలు అడిగేటోళ్లు కూడా తగులుతరు. ఒక్క రూపాయి ఇయ్యకు. కాంట్రాక్టర్ల పైసలు ముట్టకు, రేపు రోడ్డు నాసిరకంగ పోస్తే నీ నోరు లేవదు. అప్పటి ఖర్చు పరిమితి 5 లక్షలు. ఈసారి ఎంతో నోటిఫికేషన్‌ల చూసుకో. మొదటి రోజునుంచే రసీదులు దాచు. గెలిచినా ఓడినా లెక్కలు గడువులోపల అప్పజెప్పాలె, లేకుంటే అనర్హత పడుతది.

పోలింగ్ ఏజెంట్లను చుట్టరికం చూసి పెట్టకు. 2020ల బ్యాలెట్ పేపర్ మీద ఓల్డ్ మలక్‌పేటల సీపీఐ గుర్తుకు బదులు సీపీఎం గుర్తు అచ్చయితే, పోలింగ్ ఆపి డిసెంబర్ 3న మళ్లీ పెట్టిండ్రు. నేరేడ్‌మెట్‌ల స్వస్తిక్ ముద్రకు బదులు వేరే ముద్ర పడ్డ ఓట్ల పంచాది హైకోర్టు దాకా పోయి ఫలితం కొన్ని రోజులు ఆగింది. బ్యాలెట్ పేపర్‌ను, ముద్రను కండ్లు పెట్టి చూసేటోళ్లు, అభ్యంతరాన్ని కాయితం మీద రాసిచ్చేటోళ్లు కావాలె నీకు.

సగం సీట్లు ఆడోళ్లయి. పేరు ఆమెది, కుర్చీ మొగనిది అయిన డివిజన్లు నేను ఎన్నో చూసిన. అల్లుడు మంచోడే, నాకు తెలుసు. అయినా ఇప్పుడే కూసొని మాట్లాడుకోండ్రి: ఫోన్ నువ్వే ఎత్తాలె, ఆఫీసర్లతోటి నువ్వే మాట్లాడాలె, సంతకం నువ్వే చదివి పెట్టాలె. కౌన్సిల్ మీటింగ్‌కు ఒక్కటే ప్రశ్న పట్టుకపో, కానీ ఫొటోలు, తారీఖులు, ఫిర్యాదు నంబర్ల తోటి పో. మేయర్ ఎన్నికల ఎమ్మెల్యేలు, ఎంపీలు కూడా ఓటేస్తరు, ఎవరికెయ్యాల్నో పార్టీ విప్ (హుకుం) ఉంటది. అక్కడ నీ మాటకు పెద్ద జాగ ఉండదు. స్టాండింగ్ కమిటీల, జోనల్ ఆఫీసుల మాత్రం పట్టు పడితే పనులు కదులుతయి.

నామినేషన్ సంగతి. నిన్ను ప్రతిపాదించే మనిషి ఓటు నువ్వు నిలబడే డివిజన్‌లనే ఉండాలె. ఇంటి పన్ను బకాయి కట్టి రసీదు దగ్గర పెట్టుకో. అఫిడవిట్‌ల ఒక్క గడి కూడా ఖాళీ ఇడువకు, లేనికాడ లేదు అని రాయి. వచ్చే ఆదివారం ఓటర్ల లిస్టు, మ్యాపు పట్టుకొని రా. బూతుల వారీగ ఎవరిని పెట్టాల్నో ఇద్దరం కూసొని చూద్దాం.

నీ మేనత్త