మ్యూనిక్ నుంచి వెనిస్‌కు అద్దె కారులో వెళ్తే ఏ దేశంలో టోల్ ఎలా కట్టాలి?

మీరు అడిగింది ఇదీ: మ్యూనిక్‌లో కారు అద్దెకు తీసుకుని నలుగురూ కలిసి బ్రెన్నర్ కనుమ మీదుగా వెనిస్ వెళ్తారు, వారం తర్వాత మిలాన్, స్విట్జర్లాండ్ మీదుగా తిరిగొస్తారు. మన ఫాస్టాగ్ లాంటిది ఒకటి కొనుక్కుంటే దారంతా సరిపోతుందా, లేక ప్రతిచోటా ఆగి కట్టాలా?

దారంతటికీ ఒక్క ట్యాగ్‌తో సరిపోదు. ఒక్క ట్రిప్పుకు ట్యాగ్ అవసరం కూడా లేదు. జర్మనీ కార్ల దగ్గర ఏమీ తీసుకోదు, ఆస్ట్రియా రోజుల లెక్కన తీసుకుంటుంది, ఇటలీ కిలోమీటర్ల లెక్కన, స్విట్జర్లాండ్ ఏకంగా ఏడాది లెక్కన. ఏ సరిహద్దు దగ్గర ఏ లెక్క మొదలవుతుందో ముందే తెలుసుకుంటే ఈ ప్రయాణంలో టోల్ గురించి కంగారు పడాల్సిన పనిలేదు. కొత్తగా వెళ్లేవాళ్లు దెబ్బతినేది ఎక్కువగా ఒకే చోట: గేటు కనపడలేదు కదా, టోల్ లేదేమో అనుకుంటారు.

జర్మనీలో ఆటోబాన్ మీద కార్లకు టోల్ లేదు. విదేశీ కార్ల నుంచి వసూలు చేయాలన్న ప్రతిపాదనను 2019లో యూరోపియన్ కోర్టు కొట్టేసింది. మ్యూనిక్ నుంచి ఏ8, తర్వాత ఏ93 పట్టుకుని కీఫర్స్‌ఫెల్డెన్ సరిహద్దు దాకా జేబులో చెయ్యి పెట్టక్కర్లేదు.

ఆస్ట్రియాలోకి అడుగుపెట్టాక విన్యెట్ కావాలి. మన దగ్గర దీనికి సమానమైనది లేదు. విజయవాడ హైవే మీద పంతంగి, కొర్లపహాడ్ దగ్గర ఆగినట్టు ఇక్కడ ప్లాజాలు ఉండవు. ఫలానా రోజుల పాటు మోటార్‌వేల మీద తిరగడానికి ముందుగా కట్టే రుసుము ఇది. అద్దానికి అంటించే స్టిక్కర్ ఉంది, నంబర్‌ప్లేటుకు ముడిపెట్టే డిజిటల్ విన్యెట్ కూడా ఉంది. అద్దె కారుకు డిజిటలే మేలు. 2025 ధరల ప్రకారం ఒక్కరోజుది 9.30 యూరోలు, పది రోజులది 12.40, రెండు నెలలది 31.10, ఏడాదిది 103.80. ఏటా కొద్దికొద్దిగా పెరుగుతుంటాయి, కాబట్టి కొనేరోజు ధర చూసుకోండి.

ఒక్కరోజుది చవక అనుకుని చాలామంది దాని వైపు మొగ్గుతారు. అది 24 గంటలు కాదు, ఆ తేదీ అర్ధరాత్రికి ముగిసిపోతుంది. రాత్రి పదకొండింటికి సరిహద్దు దాటితే గంటలో అయిపోయినట్టే. పోనూ రానూ రెండు కొంటే 18.60 అవుతుంది, పది రోజుల దానికన్నా ఎక్కువ. పది రోజులు కూడా తేదీల లెక్కే: జూన్ 1 నుంచి అని తీసుకుంటే జూన్ 10 అర్ధరాత్రి దాకా. ఒక్కరోజువి, పది రోజులవి ఆన్‌లైన్‌లో కొన్న వెంటనే పనిచేస్తాయి. రెండు నెలలవి, ఏడాదివి మాత్రం మామూలు వినియోగదారుగా ఆన్‌లైన్‌లో కొంటే 18వ రోజు నుంచే చెల్లుతాయి. మ్యూనిక్‌లోనే ఉంటూ తరచూ ఆస్ట్రియా వెళ్లేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

కొనాల్సింది ఆస్‌ఫినాగ్ సైట్‌లో లేదా వాళ్ల యాప్‌లో. ఆస్ట్రియా మోటార్‌వేలను నడిపే సంస్థ అదే. గూగుల్‌లో వెతికితే పైన ప్రకటనల్లో కనిపించేవి చాలావరకు మధ్యవర్తుల సైట్లు, అదనంగా కొన్ని యూరోలు లాగుతాయి. ఇంకో మాట: ఇంట్లో కూర్చుని ముందురోజే కొనేయకండి. అద్దె కారు నంబరు తాళం చేతికొచ్చేదాకా తెలియదు, బుకింగ్ కాగితం మీద ఉన్న మోడలే ఇస్తారన్న నమ్మకమూ లేదు. కారు తీసుకున్నాక పార్కింగ్‌లోనే, ఇంజిన్ వేయకముందే, ప్లేటును ఫోన్‌తో ఫొటో తీసి దాన్ని చూస్తూ కొనండి. రిజిస్ట్రేషన్ దేశం జర్మనీ అని ఎంచుకోవాలి. మనం వెళ్లేది ఆస్ట్రియా కదా అని ఆస్ట్రియా పెట్టేవాళ్లున్నారు, అప్పుడు కట్టినా కట్టనట్టే. ఓ అక్షరానికీ సున్నాకూ, ఐ అక్షరానికీ ఒకటికీ తేడా చూసుకోండి. ఊరి కోడ్‌లో యూ, ఓ, ఏ మీద రెండు చుక్కలుంటే వాటినీ అలాగే కొట్టాలి. మెయిల్‌లో వచ్చిన రసీదును ప్లేటు పక్కన పెట్టి ఇద్దరు చదవండి. ఈ రెండు నిమిషాలే మొత్తం ప్రయాణంలో అన్నిటికన్నా ముఖ్యం.

కొనేముందు ఆస్‌ఫినాగ్ సైట్‌లోనే ఆ ప్లేటుకు ఇప్పటికే డిజిటల్ విన్యెట్ ఉందేమో వెతకొచ్చు, ఉచితమే. అద్దం మీద స్టిక్కర్ ఉంటే దాని మీది సంవత్సరం, చిల్లులు కొట్టిన తేదీ చూడండి. పాతది అంటుకుని ఉన్నంత మాత్రాన చెల్లదు. విన్యెట్ లేకుండా దొరికితే వంద యూరోలు దాటిన పరిహార రుసుము, అదీ కట్టకపోతే చట్టప్రకారం 300 నుంచి 3,000 యూరోల జరిమానా. రోడ్డు మీద ఎవరూ ఆపకపోవచ్చు, కెమెరాలు చదువుతుంటాయి.

సరిహద్దు నుంచి కూఫ్‌స్టైన్ సూడ్ ఎగ్జిట్ దాకా ఏ12 మీద 2019 డిసెంబరు నుంచి విన్యెట్ అక్కర్లేదు. మీరు ఇన్స్‌బ్రుక్ దాకా అదే ఏ12 మీద పోతారు కాబట్టి ఆ మినహాయింపు మీకు ఉపయోగపడదు.

ఇన్స్‌బ్రుక్ దాటి దక్షిణంగా తిరిగితే ఏ13, బ్రెన్నర్ మోటార్‌వే. దీనికి విన్యెట్‌తో సంబంధం లేదు, విడిగా కట్టాలి: కారుకు ఒక వైపు 2025లో 12 యూరోలు. లోయకు దాదాపు 190 మీటర్ల ఎత్తున ఉన్న యూరోపాబ్రూకె వంతెన దాటగానే షోన్‌బెర్గ్ దగ్గర టోల్ ప్లాజా వస్తుంది. కార్డు, నగదు రెండూ తీసుకుంటారు. ముందే ఆస్‌ఫినాగ్‌లో ప్లేటు మీద కట్టేసి ఉంటే నంబరు చదివి వదిలేసే లేన్లు ఉన్నాయి. చలికాలంలో ప్లేటు మీద మంచు, ఉప్పు బురద పేరుకుంటే కెమెరా చదవలేదు, ముందు ఆగి తుడవండి. ‘పది రోజుల విన్యెట్ ఉంది కదా, మళ్లీ ఎందుకు?’ అని ఇక్కడ వాదనకు దిగకండి. ఆస్ట్రియాలో టౌర్న్, ఆర్ల్‌బెర్గ్, కారవాంకెన్ లాంటి పెద్ద సొరంగ మార్గాలకూ ఇదే పద్ధతి.

మ్యాప్‌లో ‘టోల్ వద్దు’ అని పెట్టుకుంటే పాత బ్రెన్నర్ రోడ్డు మీదుగా ఊళ్లలోంచి తిప్పుతుంది. ఆ పని వద్దు. సెలవుల సీజన్లో వారాంతాల్లో టిరోల్ అధికారులు అటుగా వెళ్లిపోయే బండ్లను మోటార్‌వే దిగనివ్వరు. ఆ టోల్ మిగులుతుందని దిగితే వెనక్కి పంపుతారు, జరిమానా కూడా పడొచ్చు. ఆ ఊళ్లవాళ్లకు నిద్ర లేకుండా చేసింది ఆ ట్రాఫిక్కే.

ఇటలీలో పద్ధతి మీకు తెలిసిందే, హైదరాబాద్ ఓఆర్‌ఆర్ లాంటిది: ఎక్కినచోట నమోదు, దిగినచోట దూరాన్ని బట్టి డబ్బు. తేడా ఏమిటంటే ట్యాగ్ లేనివాళ్లకు కాగితం టికెట్ ఇస్తారు. బ్రెన్నర్ దాటాక ఏ22 మీద విపితేనో దగ్గర గేట్లు వస్తాయి. ఆ ఊరికే స్టెర్త్‌సింగ్ అని జర్మన్ పేరు, ఆ ప్రాంతమంతా బోర్డులు రెండు భాషల్లో ఉంటాయి. మెషిన్ డ్రైవరుకు ఎడమపక్క ఉంటుంది. కుడివైపు స్టీరింగ్‌కు అలవాటుపడ్డ మనం ఎడమ స్టీరింగ్ కారును తెలియకుండానే కుడికి జరిపి నడుపుతాం, అందుకే ఇక్కడ చెయ్యి అందదు. నెమ్మదిగా మెషిన్‌కు దగ్గరగా తీసుకెళ్లండి. బటన్లు రెండు ఎత్తుల్లో ఉంటాయి, పైది లారీలకు. కింది ఎర్ర బటన్ నొక్కితే టికెట్ బయటికి వస్తుంది, లాగితే గేటు లేస్తుంది.

ఆ టికెట్‌ను డ్యాష్‌బోర్డు మీద పడేయకండి, కిటికీ తీస్తే ఎగిరిపోతుంది. పక్క సీట్లో ఉన్నవాళ్ల పర్సులో ఉంటే నిశ్చింత. పోయిందంటే మీరు దిగే గేటుకు అత్యంత దూరంలో ఉన్న స్టేషన్ నుంచి వచ్చినట్టు లెక్కగట్టి వసూలు చేస్తారు. వెరోనా దగ్గర ఏ22 నుంచి ఏ4కు మారేచోట మధ్యలో గేటు ఉండదు, విపితేనోలో తీసుకున్న టికెట్టే వెనిస్ దాకా. ఏ57లోకి మళ్లితే మెస్ట్రె దగ్గర గేటు వస్తుంది, అక్కడ కట్టాలి. ఆపైన వెనిస్‌ను నేలతో కలిపే లిబెర్తా వంతెనకు టోల్ లేదు.

దిగే గేటు దగ్గర తలపైన బోర్డు రంగు చూసి లేన్ ఎంచుకోవాలి. పసుపు రంగు, టెలిపాస్ అని ఉంటే అది ట్యాగ్ ఉన్నవాళ్లకే. నీలం కార్డులకు. తెలుపు మీద చెయ్యి, నోట్లు, నాణేల బొమ్మ ఉంటే నగదుకు. గేట్లకు రెండు మూడు వందల మీటర్ల ముందే తేల్చుకోండి. ముందు టికెట్ పెట్టాలి, తెరమీద మొత్తం వచ్చాక కార్డు. కార్డు ముందు పెడితే మెషిన్ కదలదు, వెనకవాళ్లు హారన్ కొడతారు. రసీదు కావాలంటే ‘రిచెవూతా’ అన్న బటన్ నొక్కండి. ‘అరివెదెర్చి’ అని గొంతు వినపడితే పని అయినట్టు.

పొరపాటున పసుపు లేన్లోకి వెళ్లినా, కార్డు పనిచేయకపోయినా, ఎట్టి పరిస్థితుల్లోనూ రివర్స్ చేయకండి. అది ప్రాణాలకే ప్రమాదం, ఇటలీ చట్టంలో తీవ్రమైన నేరం కూడా. ఆగి, సహాయం బటన్ నొక్కండి. ‘అసిస్తెన్జా’ అని రాసి ఉంటుంది. అవతలివాళ్లు ప్లేటు నమోదు చేసి, టోల్ కట్టలేదన్న చీటీ ఇచ్చి గేటు తీస్తారు. అది జరిమానా చీటీ కాదు. 15 రోజుల్లోపు దానిమీదున్న నంబరుతో ఆన్‌లైన్‌లో కడితే అదనపు ఖర్చేమీ ఉండదు. ఊరుకుంటే మాత్రం నోటీసు అద్దె కంపెనీకి పోతుంది. మీ వివరాలు ఇచ్చినందుకు వాళ్లు తీసుకునే ఫీజే అసలు టోల్‌కన్నా ఎక్కువ ఉంటుంది, టోల్ బాకీ దానికి అదనం.

భారతీయ కార్డు వాడేట్టయితే బయల్దేరకముందే బ్యాంకు యాప్‌లో విదేశీ లావాదేవీలు, విదేశీ కాంటాక్ట్‌లెస్, రెండూ విడివిడిగా ఆన్ చేయండి. రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం కొత్త కార్డులు దేశంలో వాడకానికి మాత్రమే తెరిచి ఇస్తారు. వీసా లేదా మాస్టర్‌కార్డ్ క్రెడిట్ కార్డు పెట్టుకోండి, జర్మన్ బ్యాంకులు ఇచ్చే డెబిట్ కార్డు గిరోకార్డ్ ఒక్కటే నమ్ముకోవద్దు. దాంతోపాటు ఐదు, పది, ఇరవై యూరోల నోట్లు, కొంత చిల్లర ఉంచుకోండి.

నలుగురికి తొమ్మిది సీట్ల వ్యాన్ ఇస్తే ఒక చిన్న సంగతి: ఇటలీలో రెండు ఇరుసుల బండికి ముందు ఇరుసు దగ్గర ఎత్తు 1.30 మీటర్లు దాటితే తరగతి మారి టోల్ కాస్త పెరుగుతుంది.

మిలాన్ వైపు వచ్చేటప్పుడు ఏ4 మీద మిలానో ఎస్త్ గేటు దగ్గర టికెట్ లెక్క ముగుస్తుంది. ఆ తర్వాత నగరం చుట్టూ ఉన్న రింగురోడ్లలో, కోమో వైపు ఏ9 మీద టికెట్ ఉండదు, గేటు దగ్గర నిర్ణీత మొత్తం కట్టి పోవడమే. జాగ్రత్త పడాల్సింది ఏ36 పెదెమొంతానా విషయంలో. మాల్పెన్సా వైపు నుంచి కోమోకు మ్యాప్ ఈ దారి చూపిస్తుంది. గేట్లుండవు, తలమీద కెమెరాల చట్రాలు మాత్రమే. 15 రోజుల్లోపు ఆ రోడ్డు సంస్థ సైట్‌లో ప్లేటు నంబరు కొట్టి మనమే కట్టాలి. చట్రం కిందనుంచి పోయిన తేదీ, టైమ్ ఫోన్‌లో రాసుకోండి.

కియాస్సో దగ్గర స్విట్జర్లాండ్. 40 ఫ్రాంకులు, అంతే. ఒక్కరోజుకు, వారానికి అంటూ వేరే రేట్లు లేవు. ముందు ఏడాది డిసెంబరు 1 నుంచి తర్వాతి ఏడాది జనవరి 31 దాకా 14 నెలలు చెల్లుతుంది. 2023 ఆగస్టు నుంచి ఈ-విన్యెట్ కూడా ఉంది, స్విస్ కస్టమ్స్‌వాళ్ల ‘వియా’ పోర్టల్‌లో కొనాలి. అదీ ప్లేటుకు ముడిపడిందే కాబట్టి కారు తిరిగిచ్చాక మిగతా నెలలు మీకు రావు. లేకుండా దొరికితే 200 ఫ్రాంకుల జరిమానా, పైగా విన్యెట్ ఖర్చు. 16.9 కిలోమీటర్ల గొట్‌హార్డ్ సొరంగానికీ, సాన్ బెర్నార్దినోకూ వేరే టోల్ లేదు. మ్యూనిక్‌కు మీకు దగ్గర సాన్ బెర్నార్దినో, కూర్ దారే. బ్రెగెంజ్ దగ్గర ఆస్ట్రియా ముక్క దాటాలి, కానీ ఏ14 మీద హోహెనెమ్స్ నుంచి జర్మనీ సరిహద్దు దాకా విన్యెట్ మినహాయింపు ఉంది.

నా సలహా అడిగితే, స్విట్జర్లాండ్‌లో ఒక రాత్రైనా ఆగాలనుకుంటేనే ఆ దారి పట్టండి. ఊరికే దాటిపోవడానికైతే 40 ఫ్రాంకులు దండగ. పది రోజుల ఆస్ట్రియా విన్యెట్ ఇంకా చెల్లుతుంటే బ్రెన్నర్ మీదుగా తిరుగు ప్రయాణానికి ఆస్ట్రియాలో అయ్యేది ఆ బ్రెన్నర్ టోల్ ఒక్కటే.

టోల్‌తో పాటు ఇటలీలో జెడ్‌టీఎల్ అని ఉంటుంది. వెరోనా, ఫ్లోరెన్స్ లాంటి ఊళ్ల పాతనగరంలోకి అనుమతి లేని కార్లు వెళ్లకూడదు. తెల్ల బోర్డు మీద ఎర్ర వలయం, పక్కన కెమెరా ఉంటాయి. డబ్బు కట్టి వెళ్లే దారి అనుకుని లోపలికి పోకండి. అలా పోతే జరిమానా పడుతుంది, ఇటలీ బయట ఉండేవాళ్లకు ఆ నోటీసు 360 రోజుల దాకా పంపే వీలుంది. కారు తిరిగిచ్చి నెలలు గడిచాక క్రెడిట్ కార్డు మీద అద్దె కంపెనీ ఫీజు కనపడితే ఏ రోజు, ఏ గేటు అని పోల్చి చూడటానికి విన్యెట్ మెయిల్స్, గేటు రసీదులు, 15 రోజుల చీటీ కట్టిన కాగితం ఏడాది పాటు ఒకే ఫోల్డర్‌లో ఉంచండి.