అవే రొటేషన్లు ఎక్కడ చేయాలి? పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి చిన్నాకి,

పెద్దమ్మ ఆశీస్సులు. న్యూరోసర్జరీ సీటు కోసం చేసే రెండు అవే (away) రొటేషన్లకి, అంటే వేరే ఊరి ఆసుపత్రుల్లో విద్యార్థిగా నాలుగేసి వారాలు పనిచేయడానికి, నువ్వు పంపిన ఆరు పేర్ల జాబితా చూశాను. ఫీనిక్స్‌లో బారో, శాన్ ఫ్రాన్సిస్కో, పిట్స్‌బర్గ్... ఆరూ గొప్ప పేర్లే. కానీ వాటిలో ఏది నీకెందుకు కావాలో ఒక్క ముక్క రాయలేదు. ఫోన్లో అడిగితే "సరే పెద్దమ్మా, ఆలోచిస్తా" అని పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను. తెలుగు నేర్పే మనబడికి వెళ్ళనని వారాంతాలు ఏడ్చేవాడివి, ఇప్పుడు అక్కరకొచ్చింది చూడు.

2022 జనవరి నుంచి డాక్టర్ లైసెన్సు పరీక్షలో మొదటి భాగమైన స్టెప్ 1కి మార్కులు పోయి, పాసా ఫెయిలా అన్నదే మిగిలింది. న్యూరోసర్జరీలో ఏటా ఉండే రెసిడెన్సీ (స్పెషలిస్టు శిక్షణ) సీట్లేమో 240కి కాస్త అటూ ఇటూ. స్టెప్ 2 మార్కులున్నా, రీసెర్చ్ పేపర్లున్నా, అప్లికేషన్లు ముందేసుకుని కూర్చున్నప్పుడు మేము మొదట తిరగేసేది సిఫారసు ఉత్తరాలనే. పదిహేనేళ్ళుగా మా దగ్గర రెసిడెంట్లని ఎంపిక చేసే కమిటీలో కూర్చుంటున్నాను కాబట్టి చెబుతున్నాను. ఆ ఉత్తరాల్లో ఒకటి మీ కాలేజీ నుంచి వస్తుంది, మిగతావి నువ్వు రొటేషన్ చేసిన చోట్ల నుంచి రావాలి. అందుకే ఊరి పేరు చూసేముందు, అక్కడ నా గురించి ఉత్తరం రాయగలిగినంతగా నన్ను ఎవరు చూస్తారు అని అడుగు.

ఇందులో నా తప్పొకటి ఉంది. కొన్నేళ్ళ క్రితం ఒక కుర్రాడు ఇదే సలహా అడిగితే, దేశంలో అందరికీ తెలిసిన రెండు చోట్లకి పొమ్మన్నాను. బంగారంలాంటి కుర్రాడు. వెళ్ళిన మొదటి చోట ఆ నెలలో అతనితో కలిపి ఆరుగురు విద్యార్థులు. ఆపరేషన్ టేబుల్ దగ్గర సర్జన్, ఫెలో, సీనియర్ రెసిడెంట్, జూనియర్ రెసిడెంట్, వాళ్ళ వెనక ఇతను. నాలుగు వారాలూ మానిటర్‌లోనే సర్జరీ చూశాడు. అదైతే ఇంట్లో కూర్చుని కూడా చూడొచ్చు. రెండో చోటా దాదాపు అంతే. చివరికి వచ్చిన ఉత్తరంలో అతని గురించి ఉన్న గట్టి మాట, సమయానికి వచ్చేవాడని! మర్యాదగా రాసిన అలాంటి ఉత్తరం తిట్టు కంటే ప్రమాదం. ఆ ఏడు అతనికి సీటు రాలేదు. ఒక సంవత్సరం రీసెర్చ్ చేసి, చిన్న ప్రోగ్రాంలో నెల రోజులు కష్టపడి, అక్కడే చేరాడు. ఇప్పుడు చీఫ్ రెసిడెంట్. ఆ పోయిన ఏడాది మాత్రం నా ఖాతాలోదే.

పెద్ద పేర్లకి పోవద్దని కాదు. రెండు రొటేషన్లూ ఒకే రకం చోట పెట్టుకోకు. ఒకటి కౌంటీ ఆసుపత్రి (అందరికీ వైద్యం చేసే ప్రభుత్వ ఆసుపత్రి) ఉన్న ప్రోగ్రాం అయితే మంచిది. డల్లాస్‌లో పార్క్‌లాండ్, హ్యూస్టన్‌లో బెన్ టాబ్, అట్లాంటాలో గ్రేడీ, సియాటిల్‌లో హార్బర్‌వ్యూ లాంటివి. అక్కడ రాత్రి రెండింటికి సబ్‌డ్యూరల్ (మెదడు పైపొర కింద రక్తస్రావం) కేసు వస్తే రెసిడెంట్‌కి ఇంకో రెండు చేతులు కావాలి. తల షేవ్ చేసేది నువ్వు, సక్షన్ పట్టుకునేది నువ్వు, చివర్లో చర్మం కుట్టేదీ నువ్వే కావచ్చు. తెల్లారాక ఆ రెసిడెంట్ నీ గురించి చెప్పే నాలుగు మాటలే ఛైర్మన్ చెవికి చేరతాయి. రెసిడెంట్లు వద్దన్న విద్యార్థిని మా కమిటీ పైకెత్తిన సందర్భం నాకు గుర్తులేదు.

ఇక నువ్వు వాళ్ళని చూడటం. ఈ రెసిడెన్సీ 7 ఏళ్ళు. వారానికి 80 గంటలని నియమం, కొన్ని ప్రోగ్రాములకి 88 దాకా అనుమతి. అంటే ఏడేళ్ళ ఇల్లరికం. అవే రొటేషన్ అంటే ఇల్లరికం వెళ్ళబోయే ఇంట్లో ముందుగా నెల రోజులు ఉండి రావడం. వాళ్ళు నిన్ను చూస్తారు సరే, ఆ ఇంట్లో అల్లుళ్ళు ఎలా ఉన్నారో నువ్వూ చూసుకో.

దీనికి ఒక చిన్న లెక్క ఉంది. ప్రోగ్రాం వెబ్‌సైట్‌లో రెసిడెంట్ల ఫొటోలు లెక్కపెట్టు. ఏటా ఇద్దరిని తీసుకునే చోట 7 ఏళ్ళకి 14 మంది ఉండాలి. 11 మందే ఉంటే మిగతా ముగ్గురు ఏమయ్యారు? రీసెర్చ్ ఏడాదిలో ఉన్నవాళ్ళ ఫొటో వేరే పేజీలో పెట్టి ఉండొచ్చు, లేదా నిన్నమొన్నే సీట్లు పెంచి ఉండొచ్చు. ఏమీ కాకపోతే మాత్రం మీ కాలేజీ సీనియర్ రెసిడెంట్లని మెల్లిగా అడుగు. ఈ రంగం మొత్తం 115 ప్రోగ్రాముల చిన్న ఊరు, ఎవరింట్లో ఏం జరిగిందో అందరికీ తెలుసు. అదే పేజీలో జూనియర్లు ఏ మెడికల్ స్కూళ్ళ నుంచి వచ్చారో కూడా చూడు. ఎవరు అక్కడ రొటేషన్ చేసి చేరారో మీ సీనియర్లు చెబుతారు. కొన్ని చోట్ల తమ దగ్గర నెల రోజులు పనిచేసినవాళ్ళనే దాదాపుగా తీసుకుంటారు. అలాంటి చోటు నీకు నిజంగా ఇష్టమైతే అవే అక్కడ చేయకపోవడం తెలివితక్కువ. ఎక్కడ రొటేషన్ చేసినా అడగాల్సిన ప్రశ్న: "నేనొచ్చే నెలలో ఇంకెంతమంది విద్యార్థులు ఉంటారు?" కోఆర్డినేటర్‌కి మెయిల్ రాస్తే చెబుతారు.

మీ అమ్మానాన్నలు ఫ్రిస్కోలో, నువ్వు ఒహాయోలో. నువ్వు టెక్సస్ రావాలనుకుంటున్నట్టు కాగితాల మీద చూసేవాళ్ళకి ఎలా తెలుస్తుంది? చదువు ఒహాయోలో, రొటేషన్లు పశ్చిమ తీరంలో అయితే నీ మనసు ఆ తీరంలోనే ఉందనుకుంటారు. రెండిట్లో ఒకటి టెక్సస్‌లో చెయ్యి. చేస్తే మాత్రం ఆ నాలుగు వారాలు అమ్మ దగ్గర ఉండకు. ఫ్రిస్కో నుంచి డల్లాస్‌కి తెల్లవారుజామున నాలుగింటికి రోడ్డు ఖాళీగానే ఉంటుంది, సాయంత్రం టోల్‌వే మీద సంగతి నీకు తెలుసు. పైగా అమ్మ రాత్రి పది దాకా ముద్దలు కలిపి పెడుతుంది. ఆసుపత్రికి పది నిమిషాల దూరంలో గది తీసుకో. వేరే ఊరైనా అంతే. ఎవరో తెలిసిన తెలుగువాళ్ళ ఇల్లు నలభై మైళ్ళ దూరంలో ఉందని, ఆవకాయ కూడా దొరుకుతుందని ఆశపడకు. గది అద్దె డబ్బు నేను సర్దుతాను. మొహమాటపడకు.

వరుస గురించి. మొదట మీ హోమ్ సబ్ ఐ, అంటే మీ కాలేజీ ఆసుపత్రిలోనే ఇంటర్న్‌లా పనిచేసే రొటేషన్, మే లేదా జూన్‌లో. ఉదయం లిస్ట్ రాయడం, సీటీ చదవడం, ముడి వేయడం, డ్రెయిన్‌లో రాత్రి ఎంత వచ్చిందో చూసుకోవడం, ఇవన్నీ నిన్నెరిగినవాళ్ళ దగ్గర తప్పులు చేసి నేర్చుకో. జూలైలో రెండో ఇష్టం, ఆగస్టులో మొదటి ఇష్టం పెట్టుకో. చాలామంది నచ్చినచోటికి ముందే పరిగెడతారు, చేతులు వణుకుతూ ఉంటాయి. అలాగని ఇంకా వెనక్కి నెట్టకు. సెప్టెంబరు ఆఖరుకి ప్రోగ్రాములు అప్లికేషన్లు చూడటం మొదలుపెడతాయి, అక్టోబరు రొటేషన్ ఉత్తరం అప్పటికి అందదు. జూలైకీ ఆగస్టుకీ మధ్య రెండు రోజులైనా నిద్రపోయేలా తేదీలు చూసుకో.

అవే రొటేషన్లకి అప్లికేషన్ పెట్టే వెబ్‌సైట్ వీస్లో (VSLO) కోసం వ్యాక్సిన్ కాగితాలు, టైటర్లు (వ్యాక్సిన్ పనిచేసిందో చూపే రక్తపరీక్షలు), బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఇప్పుడే సిద్ధం చేసుకో. సీటు కంటే కాగితం దగ్గరే ఎక్కువమంది ఆగిపోతారు. ఆరేడు చోట్ల పెట్టు, ఫరవాలేదు. కానీ ఒకచోట ఒప్పుకున్నాక ఇంకా పెద్ద పేరు వచ్చిందని ఆఖరి నిమిషంలో రద్దు చేయకు. ఆ రెండు చోట్ల ఛైర్మన్లూ ఒకే మీటింగులో కాఫీ తాగుతూ ఉంటారు.

నాకు అవే రొటేషన్ అన్న మాటే లేదు. గుంటూరులో చదివి వచ్చినదాన్ని, ఎవరికీ తెలియనిదాన్ని. మూడేళ్ళు ల్యాబ్‌లో ఎలుకల మెదళ్ళు కోసి ఒక ఛైర్మన్ కంట్లో పడ్డాను. నీకు ఆ పని నాలుగు వారాల్లో కావాలి, అందుకే చోటు గురించి ఇంత సతాయిస్తున్నాను.

ఆ ఆరు పేర్లూ మళ్ళీ రాయి. ఒక్కోదాని పక్కన ఫొటోల లెక్క, నెలకి ఎంతమంది విద్యార్థులు, కౌంటీ ఆసుపత్రి ఉందా లేదా, అమ్మావాళ్ళకి ఎంత దూరం. ఒక్కోటి నీకెందుకు కావాలో కూడా ఒక వాక్యం రాయి, "టాప్ కాబట్టి" అని కాకుండా. శనివారం నేను ఆసుపత్రి కాల్ డ్యూటీలో ఉంటాను. ఆదివారం సాయంత్రం ఫోన్ చేస్తాను, ఎత్తు.

పెద్దమ్మ