మధ్యంతరమా, ముందస్తా? ఆపద్ధర్మం మాటేమిటి?

సందేహం: మా అమ్మాయి గ్రూప్-2కి చదువుకుంటోంది. 1999 లోక్‌సభ ఎన్నికలను ఒక పుస్తకంలో 'మధ్యాంతర ఎన్నికలు' అనీ, ఇంకోదాంట్లో 'ముందస్తు ఎన్నికలు' అనీ రాశారట. ఏది సరైనది? అప్పట్లో వాజ్‌పేయిని 'ఆపద్ధర్మ ప్రధాని' అన్నారు కదా, అంటే ఆపదలో పడ్డ ప్రధాని అనుకోవాలా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

సమాధానం: ముందు ఆ దీర్ఘం సంగతి చూద్దామమ్మా. మధ్య + అంతర అని విడదీస్తే సవర్ణదీర్ఘ సంధి వచ్చి 'మధ్యాంతర' కావాలి. కాలాంతరం, దేశాంతరం, రూపాంతరం అన్నీ అలా వచ్చినవే. కానీ పేపర్లలో, కోర్టు వార్తల్లో, ప్రభుత్వ ఉత్తర్వుల్లో ఏళ్ల తరబడి నిలిచింది మాత్రం 'మధ్యంతర'. నిరంతరం, అనంతరం చెవికి బాగా అలవాటైన మాటలు కాబట్టి ఇదీ వాటి వరసలోనే పొట్టిగా స్థిరపడిందని నా ఊహ. దీర్ఘంతో రాసినవాళ్లను నేను తప్పుపట్టను గానీ, ఏ ఉద్యోగీ 'మధ్యాంతర భృతి ఇస్తారా' అని అడగ్గా వినలేదు. మీ అమ్మాయిని 'మధ్యంతర' అనే రాయమనండి.

అసలు చిక్కు అర్థంలో ఉంది. మధ్యంతర భృతి అంటే పీఆర్సీ, అంటే వేతన సవరణ, వచ్చేదాకా చేతిలో పెట్టేది, మధ్యంతర ఉత్తర్వు అంటే తుది తీర్పు వచ్చేదాకా నడిచేది. రెండూ నడిమి సర్దుబాట్లే. మధ్యంతర ఎన్నికలు అలా కాదు, అవి గడువు మధ్యలో వచ్చిపడేవి. వాటిలో గెలిచినవాళ్లు మిగిలిన కాలానికే ఉంటారని చాలామంది పొరబడతారు, అలా మిగిలిన కాలానికి జరిగేది ఉప ఎన్నిక. 1999లో ఎన్నికైన లోక్‌సభకు కొత్తగా అయిదేళ్ల గడువు మొదలైంది, అది 2004 ఫిబ్రవరి దాకా నడిచింది.

ఇక ముందస్తు. బలం ఉండి కూడా, ఇప్పుడు వెళ్తే మంచిదని పాలకులే సభను రద్దు చేయించి వెళితే అవి ముందస్తు ఎన్నికలు. 2018 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ రద్దు అలాంటిదే. ఇందిరా గాంధీ ఏడాదికి పైగా గడువుండగానే వెళ్లిన 1971 ఎన్నికలనూ మధ్యంతరమనే అన్నారు కాబట్టి ఈ గీత మరీ గట్టిది కాదు. కానీ 1999కి 'ముందస్తు' అతకదు, ఎందుకంటే ఆ ప్రభుత్వం ఎన్నికలు కోరుకుని వెళ్లలేదు. అన్నాడీఎంకే మద్దతు ఉపసంహరించుకుంది, బలం నిరూపించుకోమని రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ అడిగారు, ఏప్రిల్ 17న ఓటింగు జరిగింది. పదమూడు నెలల ప్రభుత్వం ఒక్క ఓటుతో పోయింది. వేరే ప్రభుత్వం కుదరక 26న లోక్‌సభ రద్దయింది.

ఓటింగు రోజు మేం పక్కింటి వరండాలో టీవీ ముందు కూర్చున్నాం. స్పీకర్ కుర్చీలో మన అమలాపురం ఎంపీ బాలయోగి గారు. అనుకూలం 269, వ్యతిరేకం 270. మా నాన్నగారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూసి, "పడిపోయిందిరా" అన్నారు. పక్కింటాయన వెంటనే, "పడిపోలేదండీ, పడగొట్టారు" అన్నాడు. ఆ రెండు క్రియల మధ్యే రాజకీయమంతా ఉంది చూడండి! కూలింది, పడిపోయింది అంటే దానంతటదే జరిగినట్టు. కూల్చారు, పడగొట్టారు అంటే చేసినవాళ్లెవరో ఉన్నట్టు. అన్నట్టు, ఆ రోజు ఓడింది వాజ్‌పేయి పెట్టిన విశ్వాస తీర్మానం. 'అవిశ్వాస తీర్మానం నెగ్గింది' అని రాస్తే పరీక్షలో మార్కు పోతుంది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన మాట, ఆపద్ధర్మం. ఆపదలో పడ్డ ప్రధాని అని కాదు. భారతంలో శాంతిపర్వంలో అంపశయ్య మీది భీష్ముడు ధర్మరాజుకు ఆపద్ధర్మాలు చెబుతాడు. పన్నెండేళ్ల కరువులో ఆకలికి తాళలేక విశ్వామిత్రుడంతటివాడు కుక్క మాంసానికి చెయ్యి చాచిన కథ అక్కడిదే. అంటే మామూలు రోజుల్లో చేయకూడనిది గత్యంతరం లేనప్పుడు చేయవచ్చు అన్న సడలింపు అది. మరి పదవి పోయినా కొత్త ప్రభుత్వం వచ్చేదాకా కొనసాగే ఆపద్ధర్మ ప్రభుత్వమో? మామూలు రోజుల్లో చేయగలిగిన పనులు కూడా అది చేయకూడదని అంటాం, పెద్ద విధాన నిర్ణయాల జోలికి పోకూడదంటాం. పాత మాట సడలింపు చెబితే కొత్త వాడుక కట్టడి చెబుతోంది. మాట పూర్తిగా తిరగబడింది! రాజ్యాంగంలో ఈ పేరుతో ప్రభుత్వమేదీ లేదు, ఇది ఆనవాయితీగా వచ్చిన వ్యవహారం, అందుకే తగాదాలూ ఎక్కువే. 1999లోనే టెలికాం కంపెనీల లైసెన్సు ఫీజు పద్ధతి మార్చినప్పుడు ఆపద్ధర్మ ప్రభుత్వం ఆ పని చేయొచ్చా అని పెద్ద వాదన నడిచింది. అదే ప్రభుత్వం ఆ వేసవిలో కార్గిల్ యుద్ధం నడిపింది, అది చేయకూడదని ఎవరంటారు? అక్కడ మాత్రం భీష్ముడు చెప్పిన పాత అర్థమే దగ్గరగా వచ్చిందనిపిస్తుంది నాకు. తర్వాత సెప్టెంబరు, అక్టోబరుల్లో ఎన్నికలు జరిగి, అక్టోబరు 13న వాజ్‌పేయి మళ్లీ ప్రమాణం చేసేదాకా దాదాపు ఆరు నెలలు ఆయన పేరు ముందు ఈ మాట ఉంది.

రాసేటప్పుడు ఒత్తు మరిచిపోవద్దు. ఆపత్ + ధర్మం, ఆపద్ధర్మం. ద కింద ధ ఒత్తు, 'ఆపద్దర్మం' కాదు.