మీ నాన్నగారు గడియారం చూశారు

తమ్ముడూ,

నీ వ్యాసం మూడు రోజులుగా నా టేబుల్ మీదే ఉంది. మొదటిసారి చదివినప్పుడు చిరాకేసి పక్కన పడేశాను, దాచడం దేనికి. నెపోలియన్ యుద్ధాల నాటి ఇంగ్లీషు సిపాయి కథ, ఆ బ్రిటిష్ టీవీ సిరీస్ షార్ప్ గురించి చూసినవాళ్ళు ఏమంటున్నారో రాస్తానని మొదలుపెట్టి, ఎనిమిది పేజీల్లో "కొందరికి నచ్చింది, మరికొందరు పెదవి విరిచారు" అని పదకొండుసార్లు రాశావు. లెక్కపెట్టాను. ఎవరయ్యా ఆ కొందరు? ఏ సీన్ దగ్గర విరిచారు?

తర్వాత అయిదో పేజీలో, అదీ బ్రాకెట్లలో, ఒక్క వాక్యం. స్పెయిన్‌లో తలవేరా యుద్ధానికి ముందు షార్ప్ ఆ చేతకాని పటాలానికి నిమిషానికి మూడు రౌండ్లు పేల్చడం నేర్పుతుంటే, హవల్దారుగా రిటైరైన మీ నాన్నగారు గోడ గడియారం వైపు చూసి "వెనక వరసలో వాడు లేటు" అన్నారని. అక్కడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. అంతటి మాటని తీసుకెళ్ళి బ్రాకెట్లో కూర్చోబెడతావా!

నాకొక పిచ్చి ఉంది, నలభై ఏళ్ళుగా అందరికీ అదే పాట పాడుతున్నాను. చూసినవాడు చూస్తూ ఏం చేశాడో రాయకుండా అభిప్రాయం రాయకూడదు. లేచి మంచినీళ్ళు తాగాడా, ఫోన్ తీశాడా, పక్కవాడి మోచెయ్యి పట్టుకున్నాడా. అది లేకపోతే మిగిలేది మార్కులెయ్యడమే. పాతికేళ్ళ వయసులో ఒక వారపత్రికకి సినిమా సమీక్ష రాశాను. యుద్ధంలో గుర్రం పడిపోగానే బెంచీ క్లాసులో ఒక జట్కావాడు లేచి నిలబడ్డాడు, అది మళ్ళీ లేచేదాకా కూర్చోలేదు, వెనకవాళ్ళు ఎంత అరిచినా సరే. అది రాశాను. ఎడిటర్ గారు ఆ పేరా మొత్తం కొట్టేసి ఎర్రసిరాతో "నటీనటులు తమ పాత్రలకు న్యాయం చేశారు" అని చేర్చారు. నా పేరుతోనే అచ్చయింది. మా ఆవిడ ఇప్పటికీ కూర కుదిరిన రోజున "వంకాయ తన పాత్రకు న్యాయం చేసింది" అంటుంది. ఇప్పుడు ఎర్రసిరా కూడా అక్కర్లేదులే, అందరూ ముందే అలా రాసుకొచ్చేస్తున్నారు, చివర రెండూ ముప్పావు రేటింగు తగిలించి. ఆ పావు ఎందుకు పోయిందో ఒక్కడూ చెప్పడు.

యుద్ధం సీన్లలో సైన్యం చాల్లేదని నీ వ్యాసంలో ఉన్న ఫిర్యాదు నిజమే. వాటర్లూ అంటే రెండు వైపులా కలిపి లక్షకు పైగా మనుషులు. తెరమీద చూస్తే మా ఊరి జాతరే నయం. యుద్ధం మధ్యలో ఎలక్ట్రిక్ గిటార్ మోగితే నేనూ ఉలిక్కిపడ్డాను, రెండో ఎపిసోడ్‌కి అలవాటైపోయింది.

కానీ "నవలలో ఇలా లేదు" అన్నవాళ్ళకి ఏకంగా రెండు పేజీలిచ్చావు చూడు, అది దండగ. బెర్నార్డ్ కార్న్‌వెల్ రాసిన షార్ప్ నల్లజుట్టు లండన్ వాడు. టీవీకి ముందు అనుకున్నది పాల్ మెక్‌గన్ అనే నటుణ్ణి. షూటింగ్ దగ్గర ఫుట్‌బాల్ ఆడి మోకాలు దెబ్బతీసుకున్నాడు. అలా షెఫీల్డ్ యాసతో షాన్ బీన్ వచ్చాడు, 1993లో. తర్వాత నవలల్లో రచయితే షార్ప్‌కి యార్క్‌షైర్ గతం కల్పించుకున్నాడు. పొలం ఆసామే సర్దుకున్నాక గట్టు మీదవాళ్ళకి తగాదా ఎందుకు?

తగాదా పడాల్సిన చోటు వేరే ఉంది, దాన్ని నువ్వు చూడకుండా దాటేశావు. షార్ప్ తన సేనాని వెల్లెస్లీ ప్రాణం కాపాడి మామూలు సిపాయి నుంచి ఆఫీసరయ్యాడు కదా, టీవీలో అది 1809లో, పోర్చుగల్‌లో. నవలల్లో 1803లో, మరాఠాలతో జరిగిన అస్సాయి యుద్ధంలో. అంటే ఇప్పటి మహారాష్ట్ర జాల్నా జిల్లాలో. ఆ రోజు వెల్లెస్లీ వెనక నడిచినవాళ్ళలో ఎక్కువమంది తెల్లవాళ్ళు కాదు, మద్రాసు పటాలాల సిపాయిలు. మద్రాసు సైన్యంలో మన తెలుగువాళ్ళు ఎంతమంది చేరేవారో నీకు చెప్పక్కర్లేదు. సీన్‌ని పోర్చుగల్‌కి ఎత్తుకెళ్ళేసరికి వాళ్ళందరూ కథలోంచి మాయమైపోయారు. 2006లో రాజస్థాన్‌లో తీసిన కథకి షార్ప్ ఇండియా వచ్చాడు, నిజమే, కానీ అది 1817 నాటి కథ, ఈ లోటు దాంతో తీరలేదు. "విదేశీ సిరీస్ గురించి తెలుగులో ఎందుకు రాశావంటారేమో" అని ఉత్తరంలో టెన్షన్ పడ్డావే, నీ జవాబు అక్కడుంది.

ఏ పత్రికకి పంపాలని అడిగావు. వాళ్ళతో నాకు మాటల్లేవు, ఆ సంగతి ఇంకోసారి.

ఇంతకీ మీ నాన్నగారు ఏ రెజిమెంటో రాయలేదు. మద్రాస్ రెజిమెంటేనా? అయితే ఆయన టోపీ బ్యాడ్జి మీది ఏనుగు ఆ అస్సాయి దగ్గర్నుంచి వచ్చిందే. బ్యాడ్జి ఇంట్లో ఉందేమో వెతుకు. ఆయన ముందు పెట్టి ఆ సీన్ మళ్ళీ వెయ్యి, ఏమంటారో రాసి పంపు. బ్రాకెట్లు వద్దు.