ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం వైపు తెలుగు వార్తల సైట్లను నడిపేది ఎవరు?

చాలావాటి వెనుక పెద్ద సంస్థ ఏదీ ఉండదు. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిపోకముందు నుంచీ ఉన్న తెలుగు కుటుంబాలు చాలానే. పర్లాకిమిడి దాటగానే ఆంధ్రలోని పాతపట్నం, బరంపురానికి దిగువన ఇచ్ఛాపురం. అయినా ఒడియా పత్రికకు వీరి పెళ్లిళ్లు, సంఘం ఎన్నికలు పెద్దగా పట్టవు, శ్రీకాకుళం ఎడిషన్‌కు ఇది పొరుగు రాష్ట్రం. ఆ ఖాళీలోకి వచ్చేవారు సాధారణంగా ఒకరిద్దరే: పత్రికకు లైన్ అకౌంట్ మీద (అచ్చయిన వార్తను కొలిచి డబ్బిచ్చే పద్ధతిలో) పనిచేసిన మాజీ కంట్రిబ్యూటరు, ఫొటో స్టూడియో యజమాని, విశ్రాంత ఉపాధ్యాయుడు. వార్త రాసేదీ, ప్రకటన అడిగేదీ ఒకే మనిషి. కాబట్టి బంగారు దుకాణం ప్రారంభోత్సవం మొదటి వార్తగా కనిపిస్తే ఆశ్చర్యపోకండి!

అసలు మనిషి ఎవరో తెలియాలంటే ‘మా గురించి’ పేజీ చాలదు, అక్కడ ఆశయాలే ఎక్కువ. అచ్చు పత్రికలో సంపాదకుడు, ప్రచురణకర్త, ముద్రాపకుడి పేర్లు వేయడం 1867 నాటి చట్టం నుంచీ వస్తున్న పద్ధతి. వెబ్‌సైటుకు అలాంటి పేర్ల వరుస లేదు. అయితే 2021 ఐటీ నియమాల ప్రకారం డిజిటల్ వార్తా ప్రచురణకర్త భారతదేశంలో ఉండే ఫిర్యాదుల అధికారిని నియమించి, సంప్రదించే వివరాలు సైటులో పెట్టాలి, ఫిర్యాదుపై 15 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. ముందు ఆ పేరు వెతకండి. ఫోన్ నంబరు తప్ప ఏ పేరూ లేని సైటులో వచ్చిన ఆరోపణను నేనైతే ఎవరికీ పంపను.